కొరకని మామిడికాయ

భూమి పండుగ మొదటి రోజు పొద్దున చింతొర్రె గూడెంలో ముప్పై ఒక్క ఇళ్ల నుంచి విత్తనాల బుట్టలు వచ్చాయి. పటేలు సీతయ్య ముప్పై బుట్టలు తీసుకున్నాడు. సోయం ముత్తక్క బుట్టను మాత్రం అరచేత్తో పక్కకు జరిపాడు.

ఆ గూడెంలో ఎవరి గింజలు వాళ్లు నాటుకోరు. అన్ని ఇళ్ల గింజలూ ఒకచోట పోసి, కలిపి, మొక్కి, మళ్లీ ఇంటికింత పంచుకుంటారు. కలపని గింజ నేలలో పెట్టరు. పెట్టినా ఆ చేనుకు దున్నడానికో, కలుపు తీయడానికో ఒక్క మనిషి రాడు. ముత్తక్కకు మొగుడు పోయి తొమ్మిదేళ్లయింది. ఉన్నది రెండెకరాల పోడు. కూతురు సినిమా నటి కాబట్టి బియ్యం కొనుక్కుని తినొచ్చు, అది నిజమే. ఊరిని ఏ దుకాణంలో కొనుక్కోవాలి?

కూతురు చేసిన తప్పే తల్లి బుట్టకు అడ్డం పడింది. మామిడి కొత్త పండుగ కాకముందే మామిడికాయ కొరికింది. ఆ గూడెంలో కొత్త కాయను ముందు నేలకు పెట్టి, పండుగ చేసుకున్నాకే నోట్లో పెట్టుకుంటారు. అంతవరకు రాలిన కాయను పసిపిల్ల కూడా ముట్టదు. అట్లాంటిది, ముత్తక్క కూతురు కసుక్కున కొరికితే రసం గదవ మీదుగా కారడం జిల్లా అంతా చూసింది. సినిమా హాలులో చూసింది, ఫోన్లలో చూసింది, మళ్లీ మళ్లీ చూసింది.

ముత్తక్క బుట్ట ఎత్తుకుని ఇంటికి వచ్చి కూతురికి ఫోన్ చేసింది.

"నాగీ, నువ్వు కొరికినవా?"

"లేదవ్వా."

"మేం జూసినం గద."

"నేను కొరకలే అవ్వా. అది నా నోరు కాదు."

"మరెవరి నోరే అది? నీ మొకం మీదనే ఉండె."

*

నాగలక్ష్మి ఆ మాట విన్నది ఖమ్మంలో, హోటల్ గదిలో. ఆమె చేసిన 'అడవి ఆన' సినిమా మూడో నెలలో కూడా బాగా ఆడుతోంది. విజయయాత్ర అని పేరు పెట్టి ఊరూరా తిప్పుతున్నారు. ముందు రోజు ఖమ్మం అయింది, శుక్రవారం పాల్వంచ. దర్శకుడు కిరీటికి కబురు పెట్టి, తబితను వెంటబెట్టుకుని కారెక్కింది. తబిత మేకప్ మనిషి. పాల్వంచ కంపెనీ క్వార్టర్లలో పుట్టి పెరిగింది, ఆదివారం చర్చిలో పాడుతుంది, మిగతా ఆరు రోజులూ మొహాలకు రంగులు పూస్తుంది. నాలుగేళ్లుగా నాగలక్ష్మి మొహం ఆమె చేతిలోనే ఉంది.

నాగలక్ష్మి అంటే సినిమా చూసేవాళ్లకు తెలియదు. నైరా అంటే తెలుస్తుంది.

ఆశ్రమ పాఠశాలలో వాలీబాల్ ఆడిన పిల్ల. అయిదడుగుల తొమ్మిదంగుళాలు. భద్రాచలంలో డిగ్రీ చదువుతుంటే ఇంగ్లీషు చెప్పే మేడమ్ ఫోటో తీసి ఖమ్మంలో జరిగే అందాల పోటీకి పంపింది. అక్కడ గెలిచింది. హైదరాబాద్ పంపారు. చివరి రౌండ్‌లో అయిదుగురు మిగిలారు. మీ ఊరు మీకేం నేర్పింది అని అడిగారు. మిగతా నలుగురూ బట్టీపట్టిన ఇంగ్లీషు అప్పజెప్పారు. ఈమె తెలుగులో, "మా ఊళ్లో మామిడికాయ కాస్తే, నేలకు పెట్టేదాకా ఎవరూ కొరకరు. ఆకలైనా ఆగుతాం. నాకు ఆగటం నేర్పింది" అంది. హాలంతా లేచి నిలబడింది. కిరీటం పెట్టారు. మర్నాడు పొద్దున పేరు తీసేశారు. నాగలక్ష్మి అంటే నోరు తిరగదట. జన్మలో నాగులచవితి చేయని వాళ్లలాగా మాట్లాడారు.

ఆ తర్వాత నాలుగు సినిమాలు. హీరో చెల్లెలి స్నేహితురాలు, వానలో తడిసే పిల్ల, విలన్ కారులో కూర్చునే పిల్ల, ఆసుపత్రి మంచం మీద చచ్చే పిల్ల. నాలుగింటిలోనూ తబిత ఆమెకు ఒంటి రంగు కంటే రెండు వన్నెలు తెల్లగా పూసింది. పూయమని పైనుంచి చెప్పారు కాబట్టి పూసింది.

అయిదోది 'అడవి ఆన'. ఇందులో ఆమె హీరోయిన్. కోయపిల్ల పాత్ర. నిజమైన కోయపిల్లనే పెట్టామని కిరీటి ప్రతి టీవీలోనూ చెప్పాడు. చెప్పి, మొదటి రోజు అద్దంలో ఆమె మొహం చూసి, "ట్రైబల్‌గా లేదు, ఇంకా డార్క్ చెయ్యి" అన్నాడు తబితతో. కోయపిల్ల కోయపిల్లలాగా లేదన్నమాట. ఈసారి రెండు వన్నెలు నల్లగా పూసింది తబిత. మెడలో ఎముకల దండ వేశారు. అట్లాంటి దండ చింతొర్రెలో ఎవరి మెడలోనూ ఎవరూ చూడలేదు. మాట చివర ప్రతిసారీ "దొరా" అని రాశారు. "మా ఊళ్లో గట్ల ఎవ్వరు మాట్లాడరు సార్" అంటే, "మీ ఊరివాళ్లు టికెట్ కొంటారా?" అని నవ్వాడు కిరీటి. ఆ రోజే లేచి రావాల్సింది. రాలేదు. హీరోయిన్ కదా. పోస్టర్ మీద హీరోతో సమానంగా మొహం పడుతుంది కదా. ఆ ఆశతో మాట మింగింది.

*

ఆ కాయ సీను తీసింది పోయినేడు ఫాల్గుణంలో. నాగలక్ష్మి సొంత గూడెంలోనే.

కథ ఏమిటంటే, పట్నం నుంచి వచ్చిన హీరో ఆ పిల్లకు ధైర్యం నేర్పుతాడు. పండుగ గిండుగ ఏం లేదు, కొరుకు అంటాడు. ఆమె కొరుకుతుంది. ఆకాశంలో మెరుపు. ఊరివాళ్లు కర్రలతో తరుముతారు. హీరో ఒక్కడే అందరినీ కొట్టి ఆమెను కాపాడతాడు. ఏ మాట చెప్పి ఆమె కిరీటం తెచ్చుకుందో, ఆ మాటనే తిరగేసి కథ చేసుకున్నాడు కిరీటి.

గూడెం పెద్దలు చెట్ల కింద కెమెరా పెట్టుకోనిచ్చారు. కాయ తెంపొద్దని ఒక్కటే షరతు. కంపెనీ వాళ్లు తెలివైనవాళ్లు. ఖమ్మం మార్కెట్ నుంచి గంప నిండా కాయలు తెచ్చారు.

"ఇది మీ చెట్టుది కాదు కదా. మార్కెట్ కాయ. దీనికి మీ పండుగతో ఏం పని?" అన్నాడు కిరీటి.

గూడెంలో వాదన లేచింది. సగం కోయలో, సగం తెలుగులో.

"అవ్, గది గూడ నిజమే. బస్సెక్కొచ్చిన కాయకు మన పండుగ ఎట్ల ఎరుక?" అన్నాడు దస్రు. అతను ముత్తక్కకు మరిది వరస, ప్రతిదానికీ ఒక మాట ఉంటుంది.

"నీకు ఎరికైతే చాలదా?" అంది ముత్తక్క.

"మరి మొన్న సంతల నేను మామిడికాయ పచ్చడి తింటి."

"పోయినేటి పచ్చడి తిన్నవ్. గది కొత్త కాదు. మీదికెల్లి ఎవ్వరడుగకముందే ఒప్పుకుంటివి."

అందరూ నవ్వారు. సీతయ్య మాత్రం నవ్వలేదు. గంపలోంచి ఒక కాయ తీసి చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"కాయ ఏ ఊరిదైతేంది? నోరు మన ఊరిది" అని గంపలో పెట్టేశాడు. అక్కడితో వాదన అయిపోయింది.

నాగలక్ష్మి కొరకనని చెప్పింది. కిరీటి ఆమెను కారవాన్ పక్కకు తీసుకెళ్లాడు. గొంతు తగ్గించి, మెత్తగా మాట్లాడాడు. వాడు మెత్తగా మాట్లాడినప్పుడే భయపడాలని ఆమెకు అప్పటికి తెలియదు.

"చూడు నైరా, ఈ కాయ కథ చెప్పి కిరీటం కొట్టింది నువ్వు. అప్పుడు మీ ఊరిని అడిగావా? నువ్వు అమ్ముకుంటే గొప్ప, నేను వాడుకుంటే తప్పా?"

ఆ మాట తగిలింది. తగలాల్సిన చోటే తగిలింది. ఎందుకంటే ఆమె అడగలేదు.

"సరే, కొరకొద్దు" అన్నాడు. "పెదాల దాకా తీసుకురా. నోరు తెరువు. నేను కట్ చెప్తా. అంతే. నీ మాట పోదు, నా షాటూ పోదు."

ఆమె తెచ్చింది. నోరు తెరిచింది. పదకొండు టేకులు. పదకొండుసార్లూ కట్ చెప్పాడు, పదకొండుసార్లూ ఆమె కాయను దించింది. కాయ మీద పన్ను గాటు లేదు. తబిత వచ్చి మొహం చూసి, "పెదాల రంగు చెక్కు చెదరలే, మల్ల పూసే పని తప్పింది" అంది. వరస తప్పకుండా ఉండటానికి ప్రతి టేకు తర్వాతా, చేతిలో కాయతో సహా, మొహం ఫోటో తీసుకోవడం ఆమె పని. తీసుకుంది.

ఏడాది తర్వాత, విడుదలకు మూడు రోజుల ముందు, హైదరాబాద్‌లో ప్రివ్యూ వేశారు. తెర మీద తన మొహం. తన పెదాలు. కాయ దగ్గరకు వచ్చింది. కట్ లేదు. పళ్లు దిగాయి. కసుక్కుమని చప్పుడు. రసం గదవ మీదికి కారింది, మెడ మీదికి కారింది, కెమెరా ఆ రసం వెంట కిందికి దిగింది.

"ఇదేంది సార్?" అంది చీకట్లోనే.

"గ్రాఫిక్స్. రెండు సెకన్లు. ఎవరికి నొప్పి?"

కాంట్రాక్టులో ఆమె మొహం మీద సర్వహక్కులూ కంపెనీవే అని రాసి ఉంది. సినిమాకు వ్యతిరేకంగా మాట్లాడకూడదని కూడా ఉంది. ఇంకో రెండు సినిమాలు అదే కంపెనీకి చేయాలని ఉంది. ఆమె నోరు మూసుకుంది. మా గూడెంలో ఎవరు చూస్తారులే అనుకుంది. గూడెంలో ఇంటికో ఫోను ఉందని, ఆ ఫోన్లలో సగం తనే కొనిచ్చిందని అప్పుడు గుర్తు రాలేదు.

*

పర్ణశాల రోడ్డు దిగి గూడెం దారి పట్టేసరికి అడ్డంగా తాడు కనిపించింది. భూమి పండుగకు మగవాళ్లు అడవికి వేటకు పోతారు, ఆడవాళ్లు రోడ్డుకు తాడు కట్టి, పాట పాడి, వచ్చీపోయే బండ్లను ఆపి పండుగ పైసలు అడుగుతారు. లారీ అయినా, కలెక్టరు కారు అయినా ఇవ్వకుండా పోనివ్వరు. నాగలక్ష్మి చిన్నప్పుడు ఆ తాడు పట్టుకుని తిరిగిన పిల్లే.

అద్దం దించి చేతిలో నోటు పట్టుకుంది. పాట ఆగిపోయింది. అందరూ అత్తలు, వదినలు, చిన్నమ్మలు. ఒక్కొక్కరే లోపలికి తొంగి చూశారు. ఎవరూ చెయ్యి చాపలేదు. దస్రు పెళ్లాం తాడు వదిలేసింది. తాడు మట్టిలో పడింది.

"చిన్నమ్మా, తీసుకోరాదే" అంది నాగలక్ష్మి.

"పోనియ్ బండిని" అంది చిన్నమ్మ, డ్రైవర్‌తో.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. వెనకాల మళ్లీ పాట ఎత్తుకున్నారు. నాగలక్ష్మికి ఒళ్లంతా మంట. ఎవరి మీద మంటో తేల్చుకోలేకపోయింది. వాళ్ల మీదనా, కిరీటి మీదనా, ప్రివ్యూ హాలులో నోరు మూసుకున్న తన మీదనా?

మధ్యాహ్నం సీతయ్య ఇంటి ముందు పందిట్లో కూర్చున్నారు. అడవికి పోయినవాళ్లు కూడా వచ్చారు. నాగలక్ష్మి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. కంప్యూటర్ సంగతి చెప్పింది.

దస్రు ముందు అందుకున్నాడు. "పోయినేడు నా పత్తికి గులాబి పురుగు ఎందుకు పట్టిందా అనుకుంటున్న. గిదన్నమాట. ఈ పిల్ల కొరికిన యేడే ఈళ్లింటి గింజలు మన గింజలల్ల కలిపినం."

"నీ పత్తికి పురుగు మందు కొట్టక పట్టింది" అంది ముత్తక్క. "మందు డబ్బ నా అటుక మీదనే ఉన్నది ఇంకా. అడుక్కపోతనని మల్ల రాకపోతివి."

"వదినె, నేను మర్యాదగ మాట్లాడుతున్న."

"నేను గూడ మర్యాదగనే చెప్తున్న. పురుగు నీ బద్ధకానికి పట్టింది."

తబిత ముందుకు వచ్చింది. ఫోన్ తీసి, అప్పటి ఫోటోలు పదకొండూ సీతయ్యకు చూపించింది. కాయ చెక్కు చెదరలేదు, పెదాల రంగు చెదరలేదు. కొరికితే రంగు పోకుండా ఉంటుందా అని అడిగింది. ఆ ఫోటోలు బయటపెడితే తనకు మళ్లీ ఏ కంపెనీలోనూ పని దొరకదని ఆమెకు తెలుసు. అయినా చూపించింది.

సీతయ్య ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూశాడు. తిరిగి ఇచ్చేశాడు.

"ఏందమ్మా ఇది?"

"సాక్ష్యం పెద్దయ్యా."

"కొరికినట్టు చూపిచ్చింది ఫోనే. కొరకనట్టు చూపిచ్చేది గూడ ఫోనే. నేను దేన్ని నమ్మాలె?"

సీతయ్య నాగలక్ష్మి వైపు తిరిగాడు.

"నీ నోటితోని చెప్పు. కొరికినవా?"

"కొరకలే మామా."

"నమ్మిన" అన్నాడు. పందిట్లో కదలిక. ముత్తక్క ఊపిరి వదిలింది. కానీ సీతయ్య ఆగలేదు. "మరి నోటిదాక ఎందుకు తెచ్చినవ్?"

"పని మామా. తెమ్మన్నరు."

"నోరెందుకు తెరిచినవ్?"

నాగలక్ష్మి తల్లి వైపు చూసింది.

"నువ్వు తలుపు తీసి నిలబడ్డవ్. దొంగ లోపటికొచ్చిండు. దొంగ దొంగనే, కాదనను. తలుపెవరు తీసిన్రు?" ఆయన గొంతు పెరగలేదు. "ఇక్కడ ముప్పై ఇండ్లు నిన్ను నమ్ముతయ్. అక్కడ నలభై గూడేలు జూసినయ్. ఈ యేడు ఒర్రెకవతలి గూడెంల పిల్లగాండ్లు కొత్తకు ముందే కాయ తెంపిన్రు. ఎందుకురా అంటే నైరా తిన్నది గద అన్నరు. ఇక్కడ చెప్తె ఏం లాభం? ఎక్కడ చూపిచ్చిన్రో అక్కడ చెప్పు. ఎల్లుండి పొద్దుగూకేలోపల గింజలు కలుపుతం. చెప్పొచ్చినవా, బుట్ట పెడత. లేకుంటె లేదు."

ఇంటికి వచ్చాక నాగలక్ష్మి తల్లి మీద విరుచుకుపడింది. ఇంకెవరి మీద పడాలో తెలియలేదు.

"నీ శేరు గింజల కోసం నా బతుకు బుగ్గి చేసుకోవాల్నా? అక్కడ నోరు తెరిస్తె కేసేస్తరు. మల్ల ఒక్కడు పిలవడు. కిరాయి ఇంట్లకెల్లి వెళ్లగొడ్తరు. తెలుసా నీకు?"

ముత్తక్క చేటలో జొన్నలు పోసి రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నేనేమన్న అడిగిన్నా?"

"అడగకుండ గిట్ల కూసుంటవ్ గద, గదే నాకు మండేది."

"మండితె మండు. నీకు నోరుంటె ఆడ మండు. నాకాడ కాదు."

*

శుక్రవారం పొద్దుటి ఆట అయ్యాక పాల్వంచ థియేటర్‌లో స్టేజీ వేశారు. పొద్దుటి షిఫ్ట్ దిగిన పవర్‌హౌస్ కార్మికులు యూనిఫారాలతోనే వచ్చారు. ముందు వరసల్లో చుట్టుపక్కల గూడేల కుర్రకారు. కిరీటి, హీరో, పంపిణీదారు, పూలదండలు, డప్పులు. తబిత ఆ రోజు నాగలక్ష్మి మొహానికి నల్లరంగూ పూయలేదు, తెల్లరంగూ పూయలేదు. "ఎందుకు పూయలే?" అని కిరీటి అడిగితే, "డబ్బ అయిపోయింది సార్" అంది.

యాంకర్ అమ్మాయి మైకులో అరిచింది. ఇప్పుడు మన నైరా గారు ఆ సీను లైవ్‌లో చేసి చూపిస్తారు అంది. పళ్లెంలో మామిడికాయ తెచ్చారు. ఖమ్మంలో కూడా తెచ్చారు, అక్కడ దగ్గు వచ్చిందని తప్పించుకుంది. హాలంతా ఒకటే కేక. కొరుకు, కొరుకు, కొరుకు.

నాగలక్ష్మి కాయ చేతిలోకి తీసుకుంది. మైకు తీసుకుంది.

"ఇప్పుడు దీన్ని తినొచ్చు. ఈ యేడు మా ఊళ్లె మామిడి కొత్త రెండు నెలల కిందనే అయింది. నాకు మామిడికాయ ఇష్టం, ఉప్పూ కారం ఉంటె నాలుగు తింట. కానీ ఇక్కడ తినను. సినిమాల గూడ తినలే. ఆ కొరికిన నోరు నాది కాదు."

ఈలలు. డైలాగ్ అనుకున్నారు. పైనుంచి కాగితం ముక్కలు విసిరారు. కిరీటి నవ్వుతూ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "మా హీరోయిన్ ఇంకా క్యారెక్టర్‌లోంచి బయటికి రాలేదు. ఇట్లా ఉంటుంది డెడికేషన్ అంటే" అన్నాడు. చప్పట్లు.

ఎంత నిజం చెప్పినా నటన అనుకునే చోట ఆమె నిలబడి ఉంది. ఆ చప్పట్లు వింటుంటే చెంపల మీద కొడుతున్నట్టు ఉంది. కిరీటి చెయ్యి విదిలించి కొట్టింది. కాయను పళ్లెంలో పడేసింది. ఆ తర్వాత కోయలో మాట్లాడింది.

సినిమాలో దొరా దొరా అన్న భాష కాదు. ఇంట్లో తల్లితో కొట్లాడే భాష. మొదట వెనక వరసల వాళ్లు నవ్వారు. ముందు వరసలు నవ్వలేదు. ఎర్రచొక్కా కుర్రాడొకడు కుర్చీలోంచి లేచి, కోయలోనే తిరిగి అడిగాడు. ఆ ముఖం నీదే కదా, మరి ఆ నోరెవరిది అని. అప్పుడు హాలుకు అర్థమైంది, ఇది డైలాగ్ కాదని. సద్దుమణిగింది.

ఆమె అందరికీ వినిపించేట్టు తెలుగులో జవాబు చెప్పింది.

"కంప్యూటర్ నోరు. నన్ను అడగకుండ నా మొకం మీద అతికించిన్రు. పదకొండు సార్లు నేను కాయ దించిన. ఈయనే కట్ చెప్పిండు. చెప్పలేదా సార్? చెప్పున్రి."

కిరీటి సౌండ్ మనిషికి సైగ చేశాడు. మైకు చచ్చిపోయింది. ఆమె ఆగలేదు. ఆశ్రమ పాఠశాల గ్రౌండ్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు బంతి కోసం అరిచిన గొంతు అది.

"మేం కొత్త అయ్యేదాక ఆగుతం. భయపడి కాదు. మాకంటె ముందు తినేటివి ఉన్నయని ఆగుతం. గది వీళ్లకు చూడ బుద్ధి కాలే. ఆగేటోళ్లను జూస్తె వీళ్లకు కడుపుమంట. గందుకే నా నోరు తెరిచిన్రు. నేను తెరిచి నిలబడ్డ, గది నా తప్పు, ఒప్పుకుంటున్న. కొరికింది మాత్రం నేను కాదు. ఇది జూసి కాయ తెంపిన పిల్లగాండ్లకు చెప్పున్రి."

స్టేజీ వెనక కిరీటి మెత్తగా మాట్లాడలేదు. "నీకు ఇంక ఈ ఇండస్ట్రీలో నీళ్లు కూడా పుట్టవు. నోటీసు వస్తుంది, కాచుకో" అన్నాడు.

"పంపు. నా పేరు మీద పంపు. నైరా అని రాస్తె తీసుకోను."

*

గూడెం చేరేసరికి ఇంకా పొద్దుంది. పందిట్లో గింజలు రాశి పోసి ఉన్నాయి. దస్రు ఎదురొచ్చి, "ఫోన్ల జూసినం పిల్లా. మైకు బంద్ చేసిన్రు గద, లంగ దొంగలు" అన్నాడు. పత్తి పురుగు సంగతి ఎత్తలేదు.

సీతయ్య కూడా చూశాడు. అయినా, "ఫోన్ల జూసింది వద్దు. నువ్వు చెప్పు" అన్నాడు.

నాగలక్ష్మి మళ్లీ నిలబడి మొత్తం చెప్పింది. సీతయ్య లేచి ముత్తక్క బుట్ట తీసుకుని గింజలను రాశిలో పోశాడు. చేతులు పెట్టి కలిపాడు.

"ఒక కోడి తప్పు కట్టాలె" అన్నాడు.

"ఎందుకు? తినలేదని నమ్మినవ్ గద మామా?"

"తిన్నదానికి కాదు. తెరిచినదానికి."

"ఎవరి కోడి?" అంది ముత్తక్క. "నా నల్లపెట్ట మీద మాత్రం కన్నేయకున్రి, గుడ్ల మీదున్నది."

పందిరి నవ్వింది. నాగలక్ష్మి నవ్వలేదు. గింజలు కలిశాయి, తల్లికి చేను దక్కింది, నిజమే. కానీ కోపం చల్లారలేదు. రోజుకు నాలుగు ఆటలు. ఒక్కో ఆటలో ఒక్కోసారి. ఎన్ని ఊళ్లుంటే అన్ని నోళ్లు.

"ఇక్కడ అయిపోయింది మామా" అంది. "సత్తుపల్లిల నేను ఇంకా కొరుకుతనే ఉన్న. మధిరల గూడ."

సీతయ్య చేతులకు అంటిన గింజలు రాశిలోకి దులుపుకున్నాడు.

"మరి పో."

"ఎక్కడికి?"

"సత్తుపల్లికి. విత్తుడు అయినంక పో. రెండు రోజులు మీ అవ్వకు సాయముండు."

ఆమె రెండు రోజులు ఉంది. ఆ రెండు రోజుల్లో కంపెనీ నోటీసు ఫోన్‌కు వచ్చింది, నైరా పేరు మీదనే వచ్చింది. తబిత ఒప్పుకున్న రెండు పనులు పోయాయి. నైరాకు మతి చలించిందని ఒక టీవీ అరగంట చర్చ పెట్టింది. చర్చలో నలుగురు కూర్చున్నారు. నలుగురిలో ఒక్కరూ మామిడి కొత్త అంటే ఏమిటని అడగలేదు.

సోమవారం పొద్దుటి ఆటకు సత్తుపల్లి థియేటర్ గేటు ముందు ఇద్దరూ బస్సు దిగారు. తబిత చేతిలో పదకొండు ఫోటోలు అచ్చు వేయించిన కాగితాల కట్ట ఉంది. నాగలక్ష్మి కాళ్లకు చేలో మట్టి ఇంకా వదలలేదు. గేటు దగ్గరి మనిషి ఆపాడు.

"టికెట్ ఏదమ్మా?"

"టికెట్ లేదు. లోపల మామిడికాయ కొరికేదాన్ని నేనే."

అతను తలెత్తి పోస్టర్ చూశాడు. నల్లరంగు, ఎముకల దండ, కారుతున్న రసం. మళ్లీ ఆమెను చూశాడు.

"పోలికే లేదు కదమ్మా" అన్నాడు.

"గదే చెప్పనీకొచ్చిన. జరుగు."